జింకల పార్కు వెనక మూడెకరాలు: నేపియర్ గడ్డి ఒక్కటే వెయ్యాలా, ఆకు మేత చెట్లు కూడా పెంచాలా?

దుప్పిగూడెం:
అందరికీ నమస్కారం. మా జిల్లాలో ఒక చిన్న జింకల పార్కు ఉంది, పేరు వద్దులెండి. అందులో మేత చూసుకునే పని నాది. చుక్కల దుప్పులు 60 దాకా ఉన్నాయి. కృష్ణజింకల మంద ఒకటి, కణుజులు, మనుబోతులు కొన్ని. పచ్చిగడ్డి టెండరు మీద బయటి నుంచే వస్తోంది. వానాకాలంలో పర్వాలేదు. ఏప్రిల్ వచ్చిందంటే టెన్షన్ మొదలు. లారీ వచ్చేది ఎప్పుడో తెలీదు, వచ్చినా సగం కాడలే. గడ్డి తగ్గిన రోజున దాణా పెంచి సర్దేస్తున్నాం.

పార్కు వెనక మూడెకరాల ఖాళీ స్థలం, ఒక బోరు ఉన్నాయి. "సూపర్ నేపియర్ వేసెయ్, గొడవ వదిలిపోతుంది" అని పైవాళ్లు అంటున్నారు. నాకు మాత్రం ఒక అనుమానం. కణుజులు ఎన్‌క్లోజర్‌లోని వేపచెట్ల బెరడును పళ్లతో గీరి తినేస్తున్నాయి. నడుమెత్తు వరకు చెట్టు చుట్టూ బెరడు పోయి లోపలి కలప తెల్లగా కనబడుతోంది. తొట్టి నిండా గడ్డి ఉన్న రోజు కూడా అదే పని. వాటికి కావలసింది గడ్డేనా, ఇంకేదైనానా? ఆ మూడెకరాల్లో ఏం వేస్తే మంచిది?

లంక రైతు:
నేపియర్ వెయ్యమనడంలో తప్పేం లేదండీ. మా గోదావరి లంకలో గేదెల కోసం ముందు కో-4 అనే నేపియర్ రకం వేశాం, ఇప్పుడు థాయ్‌లాండ్ నుంచి వచ్చిన సూపర్ నేపియర్ వేస్తున్నాం. రెండు కణుపులున్న ముచ్చె, అంటే కాడ ముక్క తీసుకుని, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా ఏటవాలుగా గుచ్చండి. సాలుకూ సాలుకూ మూడడుగులు, మొక్కకూ మొక్కకూ రెండడుగులు. మొదటి కోత 70, 75 రోజులకు. ఆ తర్వాత 40, 45 రోజులకోసారి. ఆలస్యం చేస్తే మీ టెండరు గడ్డిలాగే కాడ ముదురుతుంది, ఆకు మిగలదు. కోసిన ప్రతిసారీ పశువుల ఎరువు, తడి. ఒకసారి వేస్తే మూడు నాలుగేళ్లు ఢోకా లేదు.

లెక్క కూడా చెప్తాను. యాభై కిలోల దుప్పి తన బరువులో రెండున్నర శాతం ఎండు పదార్థం తింటుందనుకుందాం. అంటే 1.25 కిలోలు. పచ్చిగడ్డిలో 80 శాతం నీళ్లే కాబట్టి రోజుకు ఆరు కిలోల పైచిలుకు గడ్డి. అరవై దుప్పులకు 375 కిలోలు, ఏడాదికి దగ్గర దగ్గర 137 టన్నులు. ఎకరాకు రెండొందల టన్నులని నర్సరీ వాళ్లు చెప్పేది నమ్మకండి. ఒక్క బోరు మీద 70, 80 లెక్కేసుకోండి. అంటే దుప్పులకే ఎకరంన్నర దాటుతుంది, మిగతా జంతువులను కలిపితే మూడెకరాలూ గడ్డికే సరి.

పశువైద్యం రిటైర్డ్:
రైతుగారి లెక్క సరిగ్గానే ఉంది. కానీ అది గడ్డి మేసే జంతువు లెక్క. నెమరు వేసేవన్నీ ఒకే రకంగా తినవు. హాఫ్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1989లో వాటిని మూడు రకాలుగా విడదీసి చెప్పాడు: గడ్డి మేసేవి, ఆకులూ చిగుళ్లూ ఏరుకుని తినేవి, రెంటికీ మధ్యలో ఉండి రుతువును బట్టి మార్చుకునేవి. అడవిలో కళ్లారా చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు.

మీ దగ్గరున్నవాటినే తీసుకోండి. కృష్ణజింక మైదానాల జీవి, దానికి గడ్డి ప్రధానం. చుక్కల దుప్పి పచ్చగా ఉన్నన్నాళ్లూ గడ్డి తింటుంది. ఎండలు ముదిరాక ఆకులు, రాలిన పూలు, కాయల మీద పడుతుంది. మనుబోతు రెండూ తింటుంది. కణుజుకు ఆకు, కొమ్మ, బెరడు బాగా కావాలి. గడ్డి ముందున్నా వేపచెట్టు దగ్గరికి వెళ్తోందంటే అది వెతుక్కునేది ఆకు మేత, నమలడానికి కాస్త గట్టి పీచు. ఖనిజాల లోటు ఉందేమో కూడా చూడాలి, ఉప్పు ఇటుకలు పెట్టండి. కానీ నేనైతే మొదట కొమ్మలు కట్టి చూస్తాను.

అసలు ప్రమాదం మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసినచోట ఉంది. గడ్డి తగ్గిన రోజున దాణా పెంచడం. పిండి పదార్థం ఒక్కసారిగా పెరిగితే పెద్ద పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. మంచి సూక్ష్మజీవులు చస్తాయి. జంతువు మేత మానేస్తుంది, పారుకుంటుంది. కొన్నాళ్లకు గిట్టలు వంకరగా పెరుగుతాయి. ఆకు తినే జాతుల్లో ఇది ఇంకా తొందరగా వస్తుంది. జూలలో జిరాఫీలు గోడనో కమ్మీనో గంటల తరబడి నాకుతూ ఉండటం మీలో కొందరు చూసే ఉంటారు. మూరెడు నాలుకతో ముళ్ల మధ్య ఆకు దూసుకుని తినాల్సిన జంతువు అది. అడవిలో రోజులో సగం దానికి ఆ పనే. తొట్టిలో దాణా పోస్తే అరగంటలో కడుపు నిండుతుంది, నాలుకకు మాత్రం పని ఉండదు. కొమ్మలు ఇస్తే ఆ నాకుడు తగ్గుతుంది.

గేదెకు పాల కోసం మేపుతాం. ఇక్కడ పాలూ లేవు, మాంసమూ లేదు. జంతువు పది కాలాలపాటు ఆరోగ్యంగా, తన తీరులో బతకడమే మనకు కావలసింది. అందుకే మూడెకరాలూ నేపియర్‌తో నింపవద్దంటాను.

మైదానం:
మనుబోతులకు రేగు మండలు వేసి చూడండి. ముళ్లతో సహా నమిలేస్తాయి.

శాండియాగో తెలుగు:
డాక్టర్ గారు చెప్పింది ఇక్కడ రోజూ చూస్తున్నాను. శాండియాగో జూ బయటివాళ్లకు జంతువుల వల్ల తెలుసు గానీ, లోపల అది పెద్ద తోట కూడా. మర్రి జాతి చెట్లు, తుమ్మ జాతి చెట్లు, వెదురు, యూకలిప్టస్ సొంతంగా పెంచి, కోసి జంతువులకు వేస్తారు. కోలాల సంగతి మరీ విచిత్రం. ఒక్కోటి రోజుకు అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా ఆకు తింటుంది, అదీ యూకలిప్టస్ ఆకే. మనకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కోలాకు కావు. నిన్న తిన్న రకాన్ని ఇవాళ వాసన చూసి తోసేస్తుంది. అందుకే ఎప్పుడూ నాలుగైదు రకాల కొమ్మలు నీళ్ల గొట్టాల్లో గుచ్చి దాని ముందు పెడతారు. అన్ని రకాలూ ఏడాది పొడుగునా చిగురు మీద ఉండేలా తోటను విడతలుగా కోస్తారు.

పక్కవాళ్ల మీద ఆధారపడితే ఏమవుతుందో కెనడాలోని కాల్గరీ జూ చూసింది. వాళ్ల పాండాలకు తాజా వెదురు విమానాల్లో వచ్చేది. కొవిడ్ వచ్చి విమానాలు ఆగేసరికి సరఫరా దెబ్బతింది. తిప్పలు పడి పడి, ఒప్పందం గడువుకు ముందే 2020 నవంబరులో రెండింటినీ చైనాకు పంపేశారు. మీ ఏప్రిల్ లారీ కష్టం అదే కష్టం, కాస్త చిన్నది, అంతే.

లంక రైతు:
వినడానికి బాగుంది సార్. శాండియాగోలో తోటమాలులు ఎందరుంటారు, ఈయన దగ్గర ఎందరుంటారు? గడ్డి కొయ్యడానికి ఇద్దరు చాలు. చెట్టెక్కి కొమ్మలు కొట్టి, మోసుకొచ్చి, కట్టి, మర్నాడు మోడులు ఏరడానికి ఎంతమంది కావాలి? అది కూడా చెప్పండి.

దుప్పిగూడెం:
నిజమే, మేం ముగ్గురమే. అయినా డాక్టర్ గారి మాట పట్టుకుని రావి మండలు రెండు తెచ్చి కణుజుల దగ్గర కమ్మీకి కట్టాను. ముందు దూరం నుంచే ముక్కులెగరేశాయి. తర్వాత ముసలి ఆడది వచ్చి ఒక్కో ఆకునూ కాడ దగ్గర పట్టి లాగడం మొదలుపెట్టింది. దాని వెనకే మిగతావి. ఆకులయ్యాక లేత కొమ్మలు, ఆపైన బెరడు. పొద్దున చూస్తే గీకిన కర్రలు మిగిలాయి. ఆ పూట వేపచెట్ల జోలికి పోలేదు.

మా పక్క మండలంలో పేపరు మిల్లుల కోసం సుబాబుల్ వేసిన రైతులున్నారు. కొమ్మలు ఉచితంగానే ఇస్తామంటున్నారు. రోజూ అదే వెయ్యొచ్చా? మూడెకరాల్లో సగం సుబాబులే పెడితే కూలీ ఖర్చు కూడా తగ్గుతుంది కదా.

పశువైద్యం రిటైర్డ్:
సుబాబుల్ మంచి మేతే, మాంసకృత్తులు దండిగా ఉంటాయి. కానీ అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంది. మొత్తం మేతలో మూడో వంతుకు మించనివ్వకండి. ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర గ్రంథి వాస్తుంది, చూలు నిలవదు. నెమరు వెయ్యని గుర్రం, జీబ్రా లాంటివాటికి అసలే వద్దు, జూలూ తోక వెంట్రుకలూ ఊడిపోతాయి.

దీని వెనక మంచి కథ ఉంది. హవాయిలో మేకలు ఈ ఆకు ఎంత తిన్నా ఏమీ కావడం లేదని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ గమనించాడు. వాటి పొట్టలో ఆ విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉందని తేలింది. దాన్ని ఆస్ట్రేలియా పశువుల పొట్టల్లోకి ఎక్కిస్తే అవి కూడా తట్టుకున్నాయి. ఆ బ్యాక్టీరియాకు తర్వాత ఆయన పేరే పెట్టారు. మీ కణుజుల పొట్టలో అది ఉందో లేదో చెప్పలేం కదా. అందుకే కొద్దికొద్దిగా అలవాటు చెయ్యండి.

ఒకే చెట్టు మీద ఆధారపడటం గురించి ఇంకో మాట. 1980ల్లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో కంచె వేసిన వేట క్షేత్రాల్లో కూడూ జింకలు పెద్ద ఎత్తున చనిపోయాయి. కరువులో వేరే ఆకు లేక అవి తుమ్మ జాతి చెట్ల మీదే పడ్డాయి. ఆకుల్లో టానిన్లనే వగరు పదార్థాలు పెరిగిపోయి తిన్నది అరగలేదు. కంచె లేకపోతే మరో చెట్టు వెతుక్కుంటూ పోయేవి. మన పార్కుల్లోనూ కంచె ఉంది, కాబట్టి ఆ మార్పు మనమే అందించాలి.

అలాగని టానిన్ ఉన్న ప్రతిదీ విషం కాదు. ఆకు తినే నల్ల ఖడ్గమృగాలకు జూలలో ఒంట్లో ఇనుము పేరుకునే జబ్బు వస్తుంది. అడవి ఆకుల్లోని టానిన్లు ఇనుమును పట్టి ఉంచుతాయి. లూసర్న్ (ఒక పప్పుజాతి మేత) ఎండుగడ్డి, గుళికల దాణా తిన్నప్పుడు ఆ అడ్డు ఉండదు. కొంచెం వగరు, కొంచెం చేదు ఉన్న పలురకాల ఆకులు దొరకడమే వాటికి ఆరోగ్యం.

హిందూపురం మల్బరీ:
డాక్టర్ గారూ, మల్బరీ పేరు ఎవరూ ఎత్తలేదేంటండీ? మా వైపు పట్టుపురుగుల కోసం వేస్తాం. అడుగెత్తులో నరికితే మళ్లీ గుబురుగా వస్తుంది, చెట్టెక్కే పనే లేదు. రైతుగారు అడిగిన కూలీ ప్రశ్నకు ఇదే జవాబు. మేత చెట్లను చెట్లుగా ఎదగనివ్వకూడదు, కొడవలికి అందే ఎత్తులో పొదలుగా ఉంచాలి. వరసలుగా దగ్గర దగ్గరగా నాటి, వంతులవారీగా కోసుకుంటూ పోవడమే. పైగా పురుగుమందు పడిన ఆకు వేస్తే పట్టుపురుగులు చస్తాయి కాబట్టి పట్టు రైతు ఆకు మీద మందు కొట్టడానికి భయపడతాడు. మీ దగ్గరలో పట్టు రైతులుంటే పురుగులు వదిలేసిన మండలు కూడా అడగండి. ఆకు పోయినా బెరడు ఉంటుంది, మీ కణుజులకు కావలసింది అదే.

అవిశ వెయ్యాలనుకుంటే ఒక జాగ్రత్త. దాన్ని మల్బరీలా మొదట్లోకి నరికితే చచ్చిపోతుంది. పక్క కొమ్మలు మాత్రం విరుచుకోవాలి.

నల్లమల బాట:
పండ్లూ పూలూ మర్చిపోకండి. మూషిక జింక గురించి వినే ఉంటారు, కుందేలంత ఉంటుంది. హైదరాబాద్ నెహ్రూ జూలో 2010లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్‌తో (అంతరించిపోతున్న జీవుల ప్రయోగశాల) కలిసి వాటిని పెంచడం మొదలుపెట్టారు, తర్వాత కొన్నింటిని మా అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఆ జీవి అడవి నేల మీద రాలిన కాయలు, పూలు, లేత ఆకులు ఏరుకుని తింటుంది. తొట్టిలో కోసి పెట్టిన క్యారెట్టు ముక్కలకే అలవాటు పడితే బయట ఏం తిని బతుకుతుంది? అందుకే కంచె పొడుగునా తాని, నేరేడు, మేడి, ఉసిరి, మోదుగ నాటమంటాను. మీ దుప్పులు ఇప్పపూలు రాలే కాలంలో ఎలా ఉంటాయో ఒకసారి అడవిలో చూడండి, చెట్టు కింద నుంచి కదలవు.

సర్కారు తుమ్మ మాత్రం వద్దే వద్దు. కాయలు ఇష్టంగా తింటాయి, నిజమే. గింజలు పేడలో పడి పార్కంతా మొలుస్తుంది, తర్వాత పీకలేరు.

మైదానం:
తాని, నేరేడు కాయ పట్టేసరికి ఈ తరం జింకలు ఉండవేమో!

నల్లమల బాట:
వాటి పిల్లలుంటాయి. నాటకపోతే వాటికీ ఉండవు.

పాతబస్తీ శిరీష:
బయటి గడ్డి మీద ఎవరూ మాట్లాడటం లేదు, అందుకని రాస్తున్నాను. హైదరాబాద్ దిగువన మూసీ మురుగునీటి మీద పారా గడ్డి వందల ఎకరాల్లో పెరుగుతుంది. నగరం చుట్టుపక్కల గేదెలకు అదే ఆధారం. చూడ్డానికి కళకళలాడుతూ ఉంటుంది. కానీ ఆ నీళ్లలో కర్మాగారాల వ్యర్థాలు కూడా కలుస్తాయి, భారలోహాలు గడ్డిలోకి చేరతాయి. టెండరులో "పచ్చిగడ్డి" అని రాస్తే ఏ నీళ్ల గడ్డి అయినా వస్తుంది. అది ఎక్కడ పెరిగిందో రాయించుకునే నిబంధన పెట్టండి. ఊళ్లో పశువులు తిరిగిన చేలోంచి వచ్చే గడ్డితో గాలికుంటు కూడా రావచ్చు. ఆ జబ్బు దుప్పులకూ మనుబోతులకూ సోకుతుంది, మందను ఒక్కొక్కటిగా పట్టి టీకా వెయ్యడం మాటలు కాదు. సొంత మేతకు నా లెక్కలో ఇదే అన్నింటికన్నా పెద్ద కారణం.

కరెంటు తీగల కోసం కొట్టిన కొమ్మలు ఉచితంగా వస్తాయని కొందరు తెచ్చి వేసేస్తుంటారు. అందులో గన్నేరో పచ్చగన్నేరో రెండు రెమ్మలున్నా ప్రాణాలు పోతాయి. కలగలుపు మోపు వస్తే విప్పి చూడకుండా వెయ్యకండి. కోసిన గడ్డిలో వయ్యారిభామ కూడా చూసుకోవాలి.

లంక రైతు:
శిరీష గారి మాట గట్టిది. లంకల్లో మేం కూడా తూటికాడ ఏరి పారేస్తాం. సరే, పొదలుగా కోసేట్టయితే కూలీ మీద నా అభ్యంతరం తీరింది. కానీ ఎండాకాలం సంగతి? మల్బరీ అయినా నేపియర్ అయినా మే నెలలో ఎదుగుదల సగానికి పడిపోతుంది, అదీ బోరు ఆగకపోతే. వానాకాలంలో మిగిలిన గడ్డిని పాతర వేసుకోండి. ముక్కలు కొట్టి, కాస్త ఆరనిచ్చి, బెల్లం నీళ్లు చల్లి, గాలి లేకుండా తొక్కి మూసేస్తే నలభై అయిదు రోజులకు తయారు. మేత జొన్న ఒక పంట వేసుకున్నా మంచిదే.

పశువైద్యం రిటైర్డ్:
పాతర గడ్డి వెయ్యొచ్చు, బూజు పట్టిన పొర మాత్రం పారెయ్యాలి. అలవాటు లేని దుప్పులకు మొదట పిడికెడే. ఇక మేత జొన్న వేస్తే నాము భయం తెలుసు కదా. లేతగా ఉన్నప్పుడు, నీటి ఎద్దడికి వాడినప్పుడు, కోసిన మోడు మళ్లీ చిగిర్చినప్పుడు అందులో సైనైడ్ విషం ఉంటుంది. పూత వచ్చాకే కొయ్యండి. నేపియర్‌కు యూరియా దంచి వెంటనే కోసినా నైట్రేట్ ముప్పు ఉంది, రెండు మూడు వారాలు ఆగాలి. ఇంకో మాట, నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని కట్టేస్తాయి. జీబ్రాలున్న జూ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే వాటిని నేపియర్ ఒక్కదాని మీదే ఉంచకండి.

లూసర్న్ గురించి అడగబోయేవాళ్లకు: రాయలసీమలో, తెలంగాణలో చలికాలం బాగా వస్తుంది, కోస్తా ఉక్కలో నిలవదు. అక్కడ దశరథ గడ్డి అనే పప్పుజాతి మేత మేలు. ఏ లేత పప్పుజాతి మేతనైనా మంచు తడి మీద ఖాళీ కడుపుకు వేస్తే కడుపుబ్బరం వస్తుంది.

మైదానం:
రావి, మర్రి కొమ్మలు ఎక్కడివి? మా ఊళ్లో గుడి దగ్గర రావి కొమ్మ విరిస్తే ఊరుకోరు.

నల్లమల బాట:
ఊరి చెట్టు జోలికి ఎందుకండీ. వానలు పడగానే చెయ్యి లావున్న మర్రి, జువ్వి కొమ్మలు గుంటలో పాతితే నాటుకుంటాయి. సొంతవి పెంచుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. పాత చెట్లను మొదలంటా కొట్టాలంటే మాత్రం వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం) కింద అనుమతి తీసుకోవాల్సిందే.

దుప్పిగూడెం:
అందరి మాటలూ కలిపి ఒక నమూనా వేశాను, తప్పులుంటే చెప్పండి. ఎకరంలో నేపియర్, మూడు మళ్లుగా విడదీసి వంతులవారీ కోత. అరెకరంలో దశరథ గడ్డి. ఎకరంన్నరలో మల్బరీ, సుబాబుల్, రేగు వరసలు, వరసల మధ్య నీడకు తట్టుకునే గినీ గడ్డి. కంచె పొడుగునా జువ్వి, మర్రి, మేడి, తాని, నేరేడు. లోటును వేరుశనగ కట్టె, జొన్న చొప్పలతో భర్తీ చేసి దాణా తగ్గిస్తాను. వేపచెట్లకు నడుమెత్తు వరకు ఇనుప వల చుట్టించాను. కొమ్మలు నేల మీద పడెయ్యకుండా రెండు మూడు చోట్ల, వేర్వేరు ఎత్తుల్లో కట్టిస్తాను. ఒకేచోట కడితే బలమైన మగవి మిగతావాటిని రానివ్వడం లేదు.

పశువైద్యం రిటైర్డ్:
బాగుంది. సుబాబుల్ వరసలు మల్బరీలో మూడో వంతు దాటకుండా చూడండి. మునగ ఒక వరస చేర్చండి. దాణా ఒక్కరోజులో తగ్గించకండి, రెండు మూడు వారాలు పట్టనివ్వండి. కొత్త ఆకు ఏది మొదలుపెట్టినా పేడ చూస్తూ ఉండండి. గుళికలు విడివిడిగా, గట్టిగా పడుతున్నన్నాళ్లు నిశ్చింత. ముద్దగా మారితే ఆ ఆకు ఆపి కబురు చెయ్యండి.

దుప్పిగూడెం:
తప్పకుండా డాక్టర్ గారూ. నేపియర్ ముచ్చెలు, దశరథ గడ్డి విత్తనం నమ్మకంగా ఎక్కడ దొరుకుతాయి?

పశువైద్యం రిటైర్డ్:
గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన స్థానంలో అడగండి. తెలంగాణవాళ్లకైతే రాజేంద్రనగర్. వానలకు నెల ముందే చెప్పి ఉంచాలి, జూన్‌లో వెళ్తే ఉత్త చేతులతో రావాలి.

లంక రైతు:
ముచ్చెలకు అంత దూరం ఎందుకండీ. ఎకరాకు ఏడెనిమిది వేల ముచ్చెలు పడతాయి, మా చేలో ముదురు కాడ ఉంది. గేదెలకు వాడే గడ్డే, మురుగునీరు తగల్లేదు, గాలికుంటు టీకాలూ వేయించాం. శిరీష గారు చెప్పినట్టు చేనికి వచ్చి మీ కళ్లతో చూసుకున్నాకే తీసుకెళ్లండి. బండి మాత్రం మీదే.